మడిచి పెట్టిన ఫైనల్

మొన్న సోమవారం పొద్దున గుడివాడలో మా స్కూలు డ్రిల్లు మాస్టారు రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుని స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చాడు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు జరుగుతోంది కదా, ముందురోజు ఆట ఆయన చూడలేకపోయాడట. "ఎవరూ ఏమీ చెప్పకండి మేడమ్, మీకు పుణ్యముంటుంది. రికార్డు చేసి పెట్టుకున్నాను. సాయంత్రం ఇంటికెళ్ళి చూసుకోవాలి" అన్నాడు. టేబులు మీద ఆ రోజు పేపరు ఉండటంతో కళ్ళు కూడా మూసుకున్నాడు. అలా కళ్ళు మూసుకునే ఒక చెవిలోంచి వేలు తీసి, తడుముకుంటూ వెళ్ళి హాజరు పుస్తకంలో సంతకం పెట్టాడు. అది సోషల్ మాస్టారి గడి. ఆయనేమో ఆ రోజు సెలవులో ఉన్నాడు. లెక్కల మేడమ్ నవ్వలేక కుర్చీలో జారిపోయింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే టేబులు దగ్గరికి వెళ్ళాను. పేపరు తీసి, ఆటల పేజీ లోపలికి పోయేలా మడిచి, నా సంచిలో పెట్టేసుకున్నాను. "ఎంత చప్పున మడిచారండీ, బాగా అలవాటున్న చెయ్యిలా ఉందే" అంది లెక్కల మేడమ్. అలవాటే మరి. నాలుగేళ్ళు చేసిన పని అది.

మా అమ్మకి ఇద్దరు తమ్ముళ్ళు. బందరు హార్బరుకి దగ్గర్లో ఉన్న పల్లె వాళ్ళది, తరతరాలుగా సముద్రం మీద వేటకి వెళ్ళే కుటుంబం. అమ్మ ఒక్కతే పెళ్ళి చేసుకుని గుడివాడ వచ్చి, చేపని కొనుక్కుని తినే మనిషయింది. ఆ నామోషీ తీరక నెలకో రెండు నెలలకో నన్ను వెంటబెట్టుకుని బందరు వెళ్ళేది. అమ్మ పోయాక కూడా నాకు ఆ ప్రయాణం పోలేదు. ఆదివారం పొద్దున రైలెక్కితే పెడన దాటుతుంటే అద్దకం బట్టలు ఆరేసిన చేలు కనపడతాయి, ఆ తర్వాత గాలిలో ఉప్పు తగులుతుంది, అంతే, మనసు చిన్నపిల్లదైపోతుంది. పెద్ద మావయ్య ఒకప్పుడు మరబోటు నడిపేవాడు. వల లాగే యంత్రంలో తాడుతో పాటు ఎడమకాలు చిక్కుకుని నుజ్జయింది. అప్పట్నుంచీ ఒడ్డునే, రేవు పక్కన వలల పాకలో కూర్చుని చిరిగిన వలలు అల్లేవాడు. చిన్న మావయ్య అన్నగారి స్థానంలో బోటు డ్రైవరయ్యాడు. వెళ్తే పది పన్నెండు రోజులు, వస్తే మూడు రోజులు. అన్నదమ్ములిద్దరూ ఒక్క విషయంలో తప్ప ఏ విషయంలోనూ ఒక్క మాట మీద ఉండేవాళ్ళు కారు. ఆ ఒక్క విషయం ఆటలు.

వాళ్ళు ఆడే ఆటలు కాదు. ఇద్దరూ జన్మలో బ్యాటు పట్టుకున్న పాపాన పోలేదు. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఎవరెవరో ఆడే ఆటలు. క్రికెట్టు సరే, దేశమంతటికీ ఉన్నదే. వీళ్ళకి ఫుట్‌బాలు కావాలి, టెన్నిస్ కావాలి, ఎక్కడో మంచు దేశంలో బల్లలు కట్టుకుని కొండ మీంచి జారేవాళ్ళు కూడా కావాలి. రోజుల తరబడి కొండలెక్కి సైకిలు తొక్కే పందెం గురించి పెద్ద మావయ్య చెప్తుంటే, "ఇంతా తొక్కి మళ్ళీ వాళ్ళ దేశంలోనే తేలారా? మరెందుకంట?" అని పెద్దత్తయ్య అడిగేది. తెల్లబట్టలు వేసుకుని పచ్చగడ్డి మీద టెన్నిస్ ఆడతారని చెప్తే, ఆ గడ్డి మరకలు ఎవరు ఉతుకుతారని ఆవిడకి బెంగ. ఆటగాళ్ళ పేర్లు మా వాళ్ళ నోట పడితే వాళ్ళ కన్నతల్లులు కూడా పోల్చుకోలేరు. అందుకని జట్లన్నీ చొక్కా రంగులతోనే చలామణీ అయ్యేవి. పసుపు చొక్కాలు, ఎర్ర చొక్కాలు, తెల్ల చొక్కాలు, నీలి చారలు. చిన్న మావయ్యది నీలి చారల పక్షం. ఎందుకని అడిగితే, "మన లుంగీ గుడ్డలాగే ఉంది గదమ్మా, మనోళ్ళే" అనేవాడు.

బోటు నడిసంద్రంలోకి వెళ్ళిపోయాక సెల్లు పనిచెయ్యదు. ఆ పదిరోజుల్లో జరిగిన ఆటలన్నీ వేటగాళ్ళకి తెలియకుండానే అయిపోతాయి. అందుకని మా పల్లెలో ఒక పద్ధతి ఏర్పడింది. ఇంకెక్కడా ఇలాంటిది ఉందని నేను వినలేదు. ఒడ్డునున్న పెద్ద మావయ్య రోజూ పేపరు చదివి, టీవీ చూసి, రేడియో విని అన్ని ఫలితాలూ ఒక పొడుగాటి నోటు పుస్తకంలో రాసేవాడు. బోటు రేవులోకి వస్తే ఎవ్వరూ నోరు విప్పకూడదు. చేప దించాలి, మంచు దులపాలి, మనుషులు స్నానం చేసి అన్నం తినాలి. అప్పుడు అందరూ పాకలో చేరి కూర్చుంటే పెద్ద మావయ్య పుస్తకం తెరిచి మొదటి రోజు ఆట నుంచి వరసగా చెప్పేవాడు. గెలిచిందెవరో ముందు చెప్పడు. ఆట అప్పుడే కళ్ళముందు జరుగుతున్నట్టు చెప్తాడు. మధ్యలో ఆపి, వల సూదిలో దారం ఎక్కించుకుంటాడు. వాళ్ళు గగ్గోలు పెడతారు. పది రోజుల ఆట ఒక్క మధ్యాహ్నంలో అయిపోయేది. ఆయన చెప్పడం అయ్యేలోగా నోరు జారి ఫలితం చెప్పేసినవాళ్ళు ఆ బోటు తెచ్చిన వల మొత్తం కడగాలి. అదీ శిక్ష. ఎవరైనా సరే. చేపలు కొనడానికి వచ్చిన ఒక పెద్దమనిషి తెలియక క్రికెట్టు సంగతి అనేస్తే, ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి కూర్చోబెట్టి కడిగించారు. పెద్దత్తయ్య అయితే ఏడాదిలో మూడుసార్లు కడిగేది. పుల్లయ్య నోట విన్నది ఎల్లయ్యకి చెప్పకపోతే ఆవిడకి అన్నం అరగదు.

ఇందులో చిన్న మావయ్యకి ఒక్క లోటుండేది. తను వింటుంటే ఉత్కంఠతో ప్రాణం పోతోంది, అన్నగారికేమో ముందే తెలుసు. "నీ మొహం చూస్తే తెలిసిపోతందన్నయ్యా. మనోళ్ళు ఓడిన రోజున నువ్వు చుట్ట ఎక్కువ కాలుస్తావు" అని దెబ్బలాడేవాడు. పెద్ద మావయ్య ఆ రోజున చుట్ట మానేసి కూర్చునేవాడు. అదీ ఆనవాలే అయ్యేది.

ఆ ఏడు వేసవిలో వేట నిషేధం రెండు నెలలూ గడిచి, బోట్లు మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళే సమయానికి సరిగ్గా ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు మొదలైంది. అదే నెలలో పచ్చగడ్డి టెన్నిసూ, మనవాళ్ళు పరాయి దేశంలో ఆడే క్రికెట్టూ, ఆ సైకిలు పందెమూ అన్నీ కలిసి వచ్చి పడ్డాయి. పెద్ద మావయ్య కొత్త నోటు పుస్తకం కొన్నాడు. మొదటి వేట నుంచి బోటు తిరిగొచ్చినప్పుడు చెప్పడానికి మధ్యాహ్నం చాల్లేదు. దీపాలు పెట్టే వేళ దాకా చెప్పాడు. నేను ఆ ఆదివారం అక్కడే ఉన్నాను. పోయినసారి కప్పు గెలిచిన జట్టు మొదట్లోనే ఇంటిదారి పట్టిందని చెప్పినప్పుడు పాకలో అందరూ ఒక్కసారి "అయ్యో" అన్నారు. వాళ్ళకి ఆ జట్టు మీద ప్రేమేమీ లేదు. ఒట్టి చేతులతో ఇంటికి రావడమంటే ఏమిటో తెలిసినవాళ్ళు, అంతే.

మళ్ళీ వేటకి బయల్దేరే రోజున చిన్న మావయ్య ఒక షరతు పెట్టాడు. ఫైనలు ఆడే నాటికి తను నడిసంద్రంలో ఉంటాడు. నీలి చారలు ఫైనలు దాకా వస్తారని ఆయనకి గట్టి నమ్మకం. "అన్నయ్యా, ఈసారి ఫైనలు నువ్వు కూడా చూడకు. పేపరు ముట్టుకోకు. ఇద్దరం ఒక్కసారే విందాం. ఎన్నేళ్ళొచ్చినా నేనొక్కణ్ణే తెలియని వెధవని కావడమేంటి?" అన్నాడు. పెద్ద మావయ్య కాసేపు గునిసి ఒప్పుకున్నాడు. మరి రాసేదెవరు? చూపు నా మీద పడింది. "మన టీచరమ్మ ఉందిగా! అమ్మాయ్, నువ్వు చూసి, మొదటి నుంచి ఆఖరి దాకా రాసి, మడిచి అన్నయ్య పుస్తకంలో పెట్టు. నేనొచ్చాక నువ్వే చదవాలి. మా తిట్లకి కూడా జాగా వదిలి రాయి" అన్నాడు. చిన్నత్తయ్య పచ్చడి సీసా, చింతపండు పొట్లం సంచిలో సర్దుతూ, "నీకీ గోలొకటి. జాగ్రత్తగా రా" అంది. చిన్నత్తయ్యది దివిసీమ. ఉప్పెనకి మనుషులు కొట్టుకుపోవడం అంటే ఏమిటో చిన్నప్పటి నుంచీ ఇంట్లో విన్న మనిషి. జాగ్రత్త అన్న మాట ఆవిడ ఊరికే అనదు. చిన్న మావయ్య నవ్వి వెళ్ళాడు. లుంగీ ఎగ్గట్టి, బోటు అంచు పట్టుకుని ఎక్కడం, ఎక్కాక వెనక్కి తిరిగి అన్నగారి వైపు చూసి రెండు చెవులూ మూసుకుని చూపించడం, అదే నేను ఆయన్ని ఆఖరిసారి చూడటం.

నీలి చారలు నిజంగానే ఫైనలుకి వచ్చారు. నేను గుడివాడలో కూర్చుని చూశాను, మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి రాశాను. రాస్తున్నంతసేపూ పాక నా కళ్ళముందే ఉంది. ఎక్కడ ఎవరు అరుస్తారో, ఎక్కడ చిన్న మావయ్య లేస్తాడో తెలుసు కాబట్టి, ఆటతో పాటు అవి కూడా రాశాను. ఎనిమిది పేజీలైంది. మడిచి, పసుపు దారం కట్టి, బుధవారం నాడు బందరు తీసుకెళ్ళి పెద్ద మావయ్య చేతికిచ్చాను. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, "ఏమీ చెప్పట్లేదు" అని నవ్వి పుస్తకంలో పెట్టుకున్నాడు. అప్పటికే గాలి మారింది. వాయుగుండం అన్నారు. హార్బరులో జెండా ఎత్తారు. వెళ్ళిన బోట్లు ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి.

మా బోటు రాలేదు. రెండురోజుల తర్వాత దాని మనుషులు వచ్చారు, వేరే బోటు మీద. కెరటానికి బోటు తిరగబడిందని, తలో వస్తువూ పట్టుకుని తేలుతుంటే ఆ బోటువాళ్ళు చూసి ఎక్కించుకున్నారని చెప్పారు. అందరూ వచ్చారు, చిన్న మావయ్య తప్ప. ఆయన డీజిల్ పీపా పట్టుకుని తేలుతూ ఉండటం చూశారట. ఒక కెరటం తర్వాత మరి కనపడలేదట. వారం తిరిగేలోపు దివిసీమ తీరంలో మా బోటు వలని నీళ్ళ మీద తేల్చే బెండ్లు నాలుగు కొట్టుకొచ్చాయి. వాటి మీద పెద్ద మావయ్య చేత్తో కట్టిన ముడులున్నాయి. చిన్నత్తయ్య పుట్టింటి వాళ్ళే చూసి పట్టుకొచ్చారు. ఆ బెండ్లని ఆయన చేతుల్లోకి తీసుకుని ఒక్కో ముడీ నొక్కి చూసి, "ఊడలేదు" అన్నాడు. అంతే అన్నాడు. ఏడవలేదు.

శరీరం దొరకలేదు. పెద్ద మావయ్యకి అదే ఆధారమైంది. గాలివాటానికి కొట్టుకుపోయి పరాయి దేశం నీళ్ళలో పడి, అక్కడి జైల్లో ఏళ్ళ తరబడి ఉండి తిరిగొచ్చిన వేటగాళ్ళు లేకపోలేదు. అలాంటివాళ్ళు ఈ తీరం పొడుగునా ఊరికొకరున్నారు. అందుకని ఆయన ఆశని పిచ్చి అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆయన అడిగిందల్లా ఒక్కటే, ఫైనలు సంగతి తనకి ఎవరూ చెప్పకూడదు. "వాడొచ్చాక వింటాను. మాటిచ్చాను." పేపర్లో ఆటల పేజీ ముట్టుకోవడం మానేశాడు. టీవీ ఉన్న గదిలోకి వెళ్ళడం మానేశాడు. బోట్లు వచ్చినా ఆటలు చెప్పడం మానేశాడు. ఊరు ఊరంతా ఆ మాట కాచింది. టీ కొట్టాయన పేపరు రాగానే ఆటల పేజీ చింపి పొయ్యిలో పెట్టేవాడు. రేవులోకి ఎవరైనా పైవాళ్ళు గెలిచిన జట్టు చొక్కా వేసుకుని వస్తే, పిలిచి, తిప్పి తొడుక్కోమనేవాళ్ళు. ఒక ఏడు ఎవరో కంపెనీవాళ్ళు పంచిన క్యాలెండరు మీద కప్పు ఎత్తుకున్న జట్టు బొమ్మ ఉందని, పెద్దత్తయ్య పల్లెలో ఇల్లిల్లూ తిరిగి ఆ నెల కాగితాలన్నీ చింపించింది. జీవితంలో ఏ రహస్యమూ దాచలేని మనిషి, ఆ ఒక్కటీ నాలుగేళ్ళు కడుపులో పెట్టుకుంది. నేను వెళ్ళినప్పుడల్లా నా సంచిలో పేపరుంటే ఆటల పేజీ లోపలికి మడిచేదాన్ని. ఇన్ని చేసినా ఆయనకి తెలిసే ఉండొచ్చు. నాలుగేళ్ళలో ఎక్కడో ఒక చోట ఒక గోడ మీద, ఒక పిల్లాడి నోట వినే ఉండొచ్చు. తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు. విననంతకాలం తమ్ముడు సముద్రం మీదే ఉన్నాడు, అదీ ఆయన కట్టుకున్న ముడి.

ఆ ముడి ఆయన ఒక్కడికే అయితే బాగానే ఉండేది. చిన్నత్తయ్య సంగతి? ఆవిడ అప్పటికి ముప్ఫై ఆరేళ్ళ మనిషి. కర్మ చెయ్యడానికి పెద్ద మావయ్య ఒప్పుకోలేదు. తమ్ముడు పోయాడని రాసిన సర్కారు కాగితాల మీద సంతకం పెట్టమంటే పెట్టలేదు. ఆవిడ బొట్టు తియ్యాలో ఉంచాలో, తద్దినం పెట్టాలో పూజ చెయ్యాలో ఎవరూ చెప్పరు. వేట మళ్ళీ మొదలయ్యే రోజున మా పల్లెలో ఒక ఆనవాయితీ ఉంది. గంగమ్మకి పూజ చేసి, వేట కుటుంబాల ఆడవాళ్ళు బోటు ముక్కుకి పసుపు రాసి కుంకుమ పెడతారు. భర్త లేని ఆడది పెట్టకూడదంటారు. ఆ లెక్క నాకు ఎప్పుడూ నచ్చలేదు, అది వేరే సంగతి. పెద్ద మావయ్య ప్రతి ఏడూ చిన్నత్తయ్యని పిలిచి, ముందు వరసలో నిలబెట్టి పెట్టించేవాడు. ఆవిడ కాదనలేక పెట్టేది. మూడో ఏడు ఏం జరిగిందో ఆవిడ నాకు ఒక్కదానికే చెప్పింది. బొట్టు పెట్టి పక్కకి వచ్చాక చెంబు మర్చిపోయానని వెనక్కి వెళ్ళిందట. ఎవరో తడి గుడ్డతో ఆవిడ పెట్టిన బొట్టు తుడిచి, మళ్ళీ పెడుతున్నారట. "వాళ్ళని అనడానికేం లేదమ్మా. వాళ్ళ మనుషులు వెళ్ళాలిగా. నేనెవర్నో నాకే తెలియకపోతే వాళ్ళకేం తెలుస్తది?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది, తుడిచినవాళ్ళ మీద కాదు, మా పెద్ద మావయ్య మీద. ఆ రోజే వెళ్ళి కాగితం విప్పి ఆయన మొహాన చదివేద్దామనుకున్నాను. పాకలోకి వెళ్ళి, ఆయన వల అల్లుకుంటూ ఉండటం చూసి, మంచినీళ్ళడిగి తాగి వచ్చేశాను. టీచర్నన్న పేరే గానీ నాకంత ధైర్యం లేదు.

ఆ ధైర్యం చిన్నత్తయ్యకే వచ్చింది. నాలుగో ఏడు, మళ్ళీ ప్రపంచ కప్పు మొదలయ్యే రోజులు. తెల్లారితే వేట మొదలు. ఆదివారం మధ్యాహ్నం, పాకలో ఏడెనిమిది మంది కూర్చుని వలలు సర్దుకుంటున్నారు. నేను పెద్ద మావయ్య పక్కన కూర్చుని ఆయన సూదికి దారం ఎక్కించి ఇస్తున్నాను, చూపు తగ్గింది ఆయనకి. చిన్నత్తయ్య వచ్చి గుంజ పక్కన నిలబడింది. ఆవిడ మామూలుగా బావగారి ఎదట పడి మాట్లాడదు.

"బావగారూ, రేపు నన్ను బోటు దగ్గరికి పిలవకండి."

"అదేంటమ్మా? మనింటి నుంచి నువ్వు కాకపోతే ఎవరు పెడతారు?"

"అక్క పెడతది. నేను పెట్టనండి. ఆయన రారండి ఇంక."

పెద్ద మావయ్య తల ఎత్తలేదు. "వస్తాడమ్మా. కాయితం అలాగే ఉందిగా. వాడు రాకుండా ఎలా విప్పుతాం?" అన్నాడు, చిన్నపిల్లకి నచ్చచెప్పే గొంతుతో. చిన్నత్తయ్య పాక కప్పులో దోపి ఉన్న ఆ పుస్తకం వైపు చూసింది. తర్వాత ఆయన వైపు చూసి, ఏ తొందరా లేకుండా చెప్పింది.

"తెల్ల చొక్కాలు గెలిచారండి. అదనపు ఆటలో. ఒక్క గోలుతో."

పాకలో ఒక్క చెయ్యి కదల్లేదు. నా చేతిలో దారం అలాగే ఉంది. ఎవరో "అక్కా" అన్నారు. చిన్నత్తయ్య చీర కొంగు నడుముకి బిగించి, పాక బయట పోగేసి ఉన్న పాత వల దగ్గరికి వెళ్ళింది. తొట్టిలో నీళ్ళు పోసుకుని, పీట వేసుకుని కూర్చుని, వల కొస లాగి కడగడం మొదలుపెట్టింది. ఒక ముసలాయన లేచి, "వద్దులే తల్లీ, నీకెందుకది" అన్నాడు. "నోరు జారినవాళ్ళు కడగాలిగా బాబాయ్. నాకేమన్నా వేరే రూలుందా?" అంది. వల కొస తిప్పి మళ్ళీ నీళ్ళలో ముంచింది.

పెద్ద మావయ్య ఒళ్ళోని వల పక్కకి పెట్టాడు. "చెప్పేసిందా" అన్నాడు, ఎవరితోనో. తర్వాత నా వైపు తిరిగాడు. "ఆ కాయితం తియ్యమ్మా. నువ్వు రాసింది చదువు. మొదటి నుంచి చదువు." పసుపు దారం నా చేతిలో పొడిపొడిగా తెగిపోయింది. చదివాను. ఆట మొదలవడం, మొదటి సగం, గోలు దగ్గర దాకా వచ్చి పక్కకి పోయిన బంతి, నీలి చారల నాయకుడు తల వంచుకుని నడవడం, అన్నీ చదివాను. నా రాత నాకే పరాయిగా ఉంది. ఎంత హుషారుగా రాశానో! నాలుగో పేజీ మధ్యలో నేను రాసుకున్న వాక్యం ఒకటి వచ్చింది. చూడకుండా దాటేద్దామనుకున్నాను, కళ్ళు దాటినా నోరు దాటలేదు. "ఇక్కడ చిన్న మావయ్య లేచి నిలబడి తిడతాడు. ఒక్క నిమిషం ఆగాలి" అని చదివేసి, గబగబా తర్వాతి వాక్యంలోకి వెళ్ళబోయాను.

"ఆగు" అన్నాడు పెద్ద మావయ్య. "ఆగమని రాశావుగా. ఆగు."

ఆగాం. పాకలో ఉన్నవాళ్ళందరం ఆగాం. బయట తొట్టిలో నీళ్ళ చప్పుడు కూడా ఆగింది. చిన్న మావయ్య లేచి నిలబడి తిట్టడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఎవ్వరం ఊపిరి గట్టిగా తీసుకోలేదు. ఆయన కూర్చునే చోట, నూనె పీపా పక్కన, ఖాళీ ఉంది. నాలుగేళ్ళుగా అక్కడ ఎవరూ కూర్చోలేదన్న సంగతి నేను అప్పుడే గమనించాను. "ఇంక చదువు" అన్నాడు పెద్ద మావయ్య. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి ఆయనకి, తుడుచుకోవట్లేదు. చివరి దాకా చదివాను. తెల్ల చొక్కాలు గెలిచారు. ఆయన పుస్తకం అందుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఆ నెల పేజీలో ఖాళీగా ఉన్న ఆఖరి వరసలో ఒక్క ముక్క రాశాడు. కర్ర పట్టుకుని లేచి, కుంటుకుంటూ బయటికి వెళ్ళి, వలకి రెండో పక్క నేల మీదే చతికిలబడ్డాడు. "మీరెందుకండీ" అంది చిన్నత్తయ్య. "నీ చేత చెప్పించుకున్నవాణ్ణి నేనమ్మా. సగం నాది" అని వల కొస తన వైపు లాక్కున్నాడు. ఇద్దరూ కలిసి పొద్దు వాలేదాకా ఆ వల కడిగారు. అప్పుడు ఏడ్చింది చిన్నత్తయ్య, తడిచేతుల్లో మొహం పెట్టుకుని, నాలుగేళ్ళ ఏడుపు.

ఆ తర్వాత దర్భలతో బొమ్మ చేసి కర్మ చేశారు. పెద్ద మావయ్య మళ్ళీ బోట్లకి ఆటలు చెప్పడం మొదలుపెట్టాడు, మునుపటి జోరు లేకపోయినా. చిన్నత్తయ్య దివిసీమ వెళ్ళిపోయి, అన్నల దగ్గర రొయ్యల చెరువు పనులు చూసుకుంటోంది. అప్పుడప్పుడూ నాకు ఫోను చేస్తుంది, ఆటల మాట ఎత్తదు. పెద్ద మావయ్య పోయి రెండేళ్ళయింది. ఆ నోటు పుస్తకం నా దగ్గరుంది. ఆ నెల పేజీలో టెన్నిసూ, క్రికెట్టూ, సైకిలు పందెమూ అన్నీ వెలిసిపోయిన ఒకే నీలం సిరాలో ఉంటాయి. చివరి వరస ఒక్కటే నల్లసిరాలో ఉంటుంది. గెలిచిన జట్టు పేరు పక్కన ఆయన రాసుకున్న ముక్క, "తమ్ముడు వినలేదు."

మొన్నటి ఆ సోమవారానికి మర్నాడు డ్రిల్లు మాస్టారు మళ్ళీ స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చాడు. ఆట చూసేశాడట, ఆయన జట్టు ఓడిపోయిందట. అయినా నన్ను కూర్చోబెట్టి మొదటి నుంచి ఆఖరి దాకా చెప్పాడు. నేను తెలియనిదానిలా విన్నాను. ఆనాటి ఫైనలు రోజున లోకమంతటికీ ఒక్క క్షణంలో చేరిపోయిన కబురు మా వలల పాక దాకా రావడానికి నాలుగేళ్ళు నడిచింది. చిన్నత్తయ్యతో ఈ మాట అనలేను గానీ, అది ఇంకా దారిలోనే ఉండి ఉంటే బాగుండునని నాకు ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది.